కాపురాల మోహరింపు

మా నాన్న మిలట్రీలో ఉన్నన్నాళ్ళూ మా సంసారమంతా నాలుగు నల్ల రేకుపెట్టెల్లో ఇమిడేది. మూతల మీద తెల్లరంగుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి ఉండేవి. పోస్టింగ్ మారినప్పుడల్లా పాత యూనిట్ పేరు మీద నల్లరంగు పూసి, అది ఆరాక కొత్తది రాసేవారు. అలా పఠాన్‌కోట్ మీద జబల్‌పూర్, జబల్‌పూర్ మీద తిరుమలగిరి పడ్డాయి. వేలితో తడిమితే కింది అక్షరాలు ఇప్పటికీ ఉబ్బెత్తుగా తగులుతాయి. ఆ పెట్టెలు సర్దేదీ, తాళ్ళు బిగించేదీ, బండి ఆలస్యమైన రాత్రుళ్ళు ప్లాట్‌ఫారం మీద వాటిపైనే కూర్చుని మమ్మల్ని ఒళ్ళో పడుకోబెట్టుకునేదీ మా అమ్మ. ఆవిడ పేరు వాటిలో దేని మీదా లేదు.

ఈ సంగతి నాకు తట్టింది మన క్వార్టర్లలో కాదు, చాలా ఏళ్ళ తర్వాత, జర్మనీలోని కైజర్స్‌లాటర్న్‌లో. నేను చదువుకని వచ్చి ఉద్యోగంలో కుదురుకున్న ఈ ఊరూ, దీని చుట్టుపక్కల పల్లెలూ కలిపితే, అమెరికా బయట అమెరికన్ సైనిక కుటుంబాలు అన్నిటికన్నా ఎక్కువగా కాపురముండే చోటు ఇదే. సైనికులు, వాళ్ళ భార్యాబిడ్డలు, సైన్యంలో పనిచేసే సివిలియన్లు అంతా కలిసి 50 వేల మంది దాకా ఉంటారు. ఊరి పేరు నోరు తిరగక వాళ్ళు దీన్ని కె-టౌన్ అంటారు. ఇక్కడి పాత సామాన్ల సంతలో మన రుబ్బురోలంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్లు వరసగా పేర్చి ఉండడం చూసి, మొదట్లో అవెందుకో నాకు అర్థం కాలేదు. అమెరికా మిక్సీ, అమెరికా కుట్టుమిషను 110 వోల్టుల మీద నడుస్తాయి. జర్మనీ గోడలో వచ్చేది అంతకు రెట్టింపు. వచ్చిన ప్రతి కుటుంబమూ ట్రాన్స్‌ఫార్మర్ కొంటుంది, వెళ్ళేటప్పుడు అమ్మేస్తుంది. తాడేపల్లిగూడెంలో కొని సూట్‌కేసులో తెచ్చుకున్న నా మిక్సీకి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. ఈ ఒక్క విషయంలో ప్రపంచంలోకెల్లా గొప్ప సైన్యం కంటే నేను బాగా సిద్ధమై వచ్చానని నాకు కాస్త గర్వం కూడా.

సైనికుడి ఒంటరితనం చూసి జాలిపడి ప్రభుత్వం అతని పెళ్ళాం పిల్లల్ని వెంట పంపుతుందని అందరూ అనుకుంటారు. మా అమ్మ నేటికీ అలాగే అనుకుంటుంది. ఫ్యామిలీ క్వార్టర్ దొరికిన రోజున ఆవిడ దేవుడికి కొబ్బరికాయ కొట్టేది. యుద్ధం ముగిశాక ఓడిన దేశాల్లో కాపురాలు పెట్టిన సైనిక కుటుంబాల చరిత్ర చదివే కొద్దీ ఆ మాట మీద నాకు నమ్మకం సడలింది. ఆ కుటుంబాలను పంపింది జాలితో కాదు, పని కోసం. తుపాకులను, ట్యాంకులను ఎక్కడ నిలపాలో లెక్కవేసిన వాళ్ళే కాపురాలనూ లెక్కవేసి నిలిపారు. తుపాకీకి నంబరుంటుంది, దాని మీద రిజిస్టరు ఉంటుంది. కాపురం చేసిన పనికి మాత్రం రిజిస్టరు లేదు. నా వాదన ఇంతే. దాన్ని నిలబెట్టడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1945 మేలో జర్మనీ లొంగిపోయింది. అప్పటికే అలసిపోయిన అమెరికన్ సైనికులకు ఒకటే ధ్యాస, ఇంటికి పోవడం. 1946 జనవరిలో మనీలాలోనూ, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ వాళ్ళు మమ్మల్ని ఇళ్ళకు పంపండంటూ వీధుల్లోకి వచ్చి ప్రదర్శనలు చేశారు. సైన్యం చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. మరోపక్క, జర్మన్లతో కలిసి మెలగకూడదన్న నిషేధం 1945 చివరికే చాలావరకు ఎత్తేయాల్సి వచ్చింది, ఎందుకంటే దాన్ని ఎవరూ పాటించలేదు. సిగరెట్ల నల్లబజారు, సుఖవ్యాధులు సైన్యాధికారులకు పెద్ద తలనొప్పిగా తయారయ్యాయి. ఇంటికి పోతామనే వాణ్ణి ఆపాలంటే ఇల్లే ఇక్కడికి రావాలి, అదుపు తప్పిన వాణ్ణి దారిలో పెట్టాలంటే పెళ్ళాం రావాలి. మన ఊళ్ళలో తిరుగుబోతు కొడుక్కి పెళ్ళి చేస్తే కుదురుకుంటాడనే తండ్రుల ఆలోచనకూ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు. 1946 ఏప్రిల్ చివర్లో తొలి కుటుంబాలతో ఓడ బ్రెమర్‌హావెన్ రేవుకు చేరింది. అదే ఏడాది వేసవి చివర బ్రిటిష్ కుటుంబాలు కూడా, ఓడిన జర్మనీని గెలిచిన దేశాలు పంచుకున్నప్పుడు తమ వాటాకు వచ్చిన మండలానికి, రావడం మొదలుపెట్టాయి.

వాళ్ళు దిగిన దేశం ఎలా ఉందో ఒక్క అంకెతో చెప్పవచ్చు. 1946 ఏప్రిల్‌లో అమెరికా మండలంలో మామూలు జర్మన్ పౌరుడికి రేషన్ కార్డు మీద రాసిపెట్టింది రోజుకు 1,275 కేలరీలు. ఆ ఏడాది చివర వచ్చిన చలికాలాన్ని జర్మన్లు ఇప్పటికీ ఆకలి శీతాకాలం అంటారు. బ్రిటిష్ మండలంలో ఉన్న కొలోన్ నగర ఆర్చ్‌బిషప్, కార్డినల్ ఫ్రింగ్స్, 1946 డిసెంబరు 31 నాటి ప్రసంగంలో, ప్రాణం నిలుపుకోవడానికి అవసరమైనది అడిగినా, పనిచేసినా దొరకనప్పుడు మనిషి దాన్ని తీసుకోవచ్చని అన్నాడు. గూడ్సు బళ్ళ నుంచి బొగ్గు ఎత్తుకుపోయే జనానికి అంతకంటే ఏం కావాలి? ఆయన పేరు మీదే 'ఫ్రింగ్సెన్' అనే క్రియాపదం పుట్టింది. బొగ్గు దొంగిలించడమని దాని అర్థం. పీఠాధిపతి పేరు దొంగతనానికి పర్యాయపదమైన భాష ఇంకొకటి ఉందో లేదో గానీ, ఆ మాట వెనకున్న చలి మాత్రం నిజం.

అలాంటి ఊళ్ళలో, బాంబులు పడకుండా మిగిలిన మంచి ఇళ్ళను ఎంచి ఖాళీ చేయించి, సామాన్లతో సహా సైనిక కుటుంబాలకు ఇచ్చారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐ.జి. ఫార్బెన్ కంపెనీ భవనంలో అమెరికన్ ప్రధాన కార్యాలయం వెలిసింది, దాని చుట్టుపక్కల వీధులకు ముళ్ళకంచె వేశారు. కంచె లోపల వెచ్చటి గదులు, కంచె బయట ఆ గదుల అసలు యజమానులు. హాంబర్గ్‌లో బ్రిటిష్ వాళ్ళు మరో అడుగు ముందుకేసి, తమ అధికారులకూ వాళ్ళ కుటుంబాలకూ గ్రిండెల్‌బెర్గ్ అనే చోట పన్నెండు ఎత్తైన భవనాలు కట్టడం మొదలుపెట్టారు. ప్రధాన కార్యాలయం ఫ్రాంక్‌ఫర్ట్‌కు తరలిపోవడంతో వాళ్ళు ఒక్కరోజైనా అందులో కాపురం చేయకుండానే ఆ పని ఆగింది, తర్వాత నగరపాలక సంస్థ వాటిని పూర్తిచేసి సొంత జనానికి ఇచ్చింది. ఇంట్లో పనిచేసే జర్మన్ ఆడవాళ్ళ జీతాలు తొలినాళ్ళలో చాలావరకు ఆక్రమణ ఖర్చుల పద్దులో, అంటే జర్మన్ల ఖాతాలోనే పడేవి. గెలిచినవాడి ఇంట గిన్నెలు తోమినందుకు ఓడినవాడే కూలి ఇచ్చుకున్నాడన్నమాట.

ఇక్కడ ఆగి చాలామంది ఒక తీర్పు చెప్పేస్తారు: ఆకలి చావుల మధ్య ఆ ఆడవాళ్ళు మహారాణుల్లా బతికారు, రెండు కార్టన్ల సిగరెట్లకు మైసెన్ పింగాణీ సెట్లు కొన్నారు, వాళ్ళ మీద జాలెందుకు? పింగాణీ మాట నిజమే. ఆ బేరాలు ఎంతగా పెరిగాయంటే, ఆపలేక సైన్యమే 1946లో ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ నగరాల్లో వస్తుమార్పిడి కేంద్రాలు తెరిచింది. ఆ సెప్టెంబరులో సైనికుల జీతాలకు ప్రత్యేకమైన చీటీ నోట్లు ప్రవేశపెట్టింది. ఆ బేరాలు చేసినవాళ్ళను నేను వెనకేసుకు రాను. కాఫీ పొడికి పియానో కొన్న మనిషి ఎవరి ఆజ్ఞ ప్రకారమూ కొనలేదు. అయితే ఇంటిని ఎంచిందీ, యజమానిని వెళ్ళగొట్టిందీ, పనిమనిషిని కేటాయించిందీ ఆ ఇల్లాలు కాదు. ఆమెకు తాళంచెవి ఇచ్చి సామాన్ల జాబితా మీద సంతకం పెట్టించుకున్నారు. చెంచాల దగ్గర్నుంచి లెక్కపెట్టి అప్పగించే ఆ జాబితా మా అమ్మకూ తెలుసు: క్వార్టర్ ఖాళీ చేసే రోజున సైన్యపు ఇంజినీరింగ్ విభాగమైన ఎం.ఇ.ఎస్. మనిషి వచ్చి ఫ్యాన్లు, బల్బులు, మంచాలు లెక్కపెడుతుంటే, పగిలిన వాష్‌బేసిన్‌కు జరిమానా ఎంత వేస్తాడోనని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది.

జపాన్‌లో కథ ఇంకా నిక్కచ్చిగా నడిచింది. 1945 మార్చి 10 నాటి మంటల్లో టోక్యో తూర్పు భాగం చాలావరకు బూడిదైంది. ఏడాది తిరిగి కొంత కాలమయ్యేసరికి, జపాన్ సైన్యం కవాతు చేసిన యొయొగి మైదానంలో అమెరికన్ కుటుంబాల కోసం వాషింగ్టన్ హైట్స్ అనే పేట లేవడం మొదలైంది. అందులో 827 ఇళ్ళు, బడి, ప్రార్థనాలయం, పచ్చటి లాన్లు. ఖర్చు జపాన్ ప్రభుత్వానిది. తాత్కాలిక రేకుల పాకల్లో బతుకుతున్న కూలీలు, ఒక్కో ఇంటికీ రిఫ్రిజిరేటరు పెట్టే స్థలం కొలిచి గోడలు కట్టారు. ఆ రిఫ్రిజిరేటర్లు, కుర్చీలు, బల్లలు జపాన్ కంపెనీల చేతే చేయించారు. అమెరికన్ వంటింటి కొలతలు జపాన్ కర్మాగారాలకు అలా పట్టుబడ్డాయి. స్వాధీనం చేసుకున్న పాత ఇళ్ళలో, తరాలుగా మెరుగు పెట్టుకుంటూ వచ్చిన చెక్క స్తంభాలకు ఎవరో పెయింటు కొట్టించారని జపాన్ వాళ్ళు దశాబ్దాల పాటు చెప్పుకుని బాధపడ్డారు. బాంబు వేసిన వాడి కంటే స్తంభానికి రంగు వేసిన వాడు ఎక్కువ గుర్తుండడం నాకు వింతగా అనిపించదు. బాంబు యుద్ధానిది, రంగు కాపురానిది. 1964 ఒలింపిక్స్ కోసం ఆ నేల తిరిగి జపాన్ చేతికి వచ్చినప్పుడు ఆ ఇళ్ళలో క్రీడాకారులు దిగారు. వాటిలో ఒక ఇంటిని యొయొగి పార్కులో ఇప్పటికీ ఉంచారు.

వచ్చిన కుటుంబాలు చేసిన పని ఏమిటి? 1945లో శత్రువైన జర్మన్, 1949 నాటికి మిత్రుడు కావాలి. ఆ మార్పు ఒప్పందాల మీద సంతకాలతో అయిపోయేది కాదు. అనాథ పిల్లలకు క్రిస్మస్ పండగ చేయడం, జర్మన్ ఆడపిల్లలకు కుట్టు తరగతులు నడపడం, ఇరుదేశాల ఆడవాళ్ళ క్లబ్బులు పెట్టడం, పక్కింటి ముసలమ్మకు కాఫీ పొట్లం ఇచ్చి వచ్చీరాని జర్మన్‌లో పలకరించడం, ఇవన్నీ సైన్యం ప్రోత్సహించిన పనులే, చాలావరకు జీతం లేని పనులే. భర్త ర్యాంకును బట్టి భార్యకు టీ బల్ల దగ్గర స్థానం ఉండేది. ఆమె రాకపోతే ఆయన ప్రమోషన్ మీద ప్రభావం పడుతుందని ఎవరూ కాగితం మీద రాయకపోయినా అందరికీ తెలుసు. భార్యల ఉద్యోగాలు, హాజరీలు చూసి సైనికుణ్ణి అంచనా వేయకూడదని అమెరికా రక్షణ శాఖ స్పష్టంగా ఆదేశించడానికి 1980ల చివరిదాకా పట్టింది. మన దగ్గర ఆడవాళ్ళ వెల్ఫేర్ మీటింగుకు మా అమ్మ జ్వరంతో కూడా వెళ్ళింది, పట్టుచీర కట్టుకుని మరీ. ఎందుకమ్మా అంటే, రాకపోతే మీ నాన్నను అడుగుతారు అంది.

నేనుండే ఇంటి యజమానురాలికి ఎనభై దగ్గరపడుతున్నాయి. కొరియా యుద్ధం మొదలయ్యాక అమెరికా ఐరోపాకు మరిన్ని దళాలను పంపినప్పుడు, రైన్ నదికి పడమరగా, సరిహద్దుకు దూరంగా ఉందని ఈ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. 1950ల తొలి సంవత్సరాల్లో రామ్‌స్టైన్ వైమానిక స్థావరం, ఫోగెల్‌వే కాలనీ, లాండ్‌స్టూల్ ఆసుపత్రి వచ్చాయి. ఆవిడ వాళ్ళమ్మ ఫోగెల్‌వేలో ఒక సార్జెంట్ గారింట్లో బట్టలు ఇస్త్రీ చేసేది. ఆ ఇల్లాలు ఏటా ఒకసారి, సియర్స్ అనే అమెరికా దుకాణం వాళ్ళ గడువు తీరిన వస్తువుల క్యాటలాగును పనావిడ చేతికిచ్చేది. కూతురు ఆ దిండంత పుస్తకంలోంచి ఆడవాళ్ళ బొమ్మలు, గౌన్లు, టోపీలు, వాషింగ్ మెషిన్లు కత్తిరించి, అట్టముక్కల మీద అంటించి, అట్టపెట్టెలో ఒక అమెరికా ఇల్లు కట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఆ అట్టపెట్టె అటక మీంచి దించి నాకు చూపించింది. గోధుమపిండి జిగురుకు పురుగు పట్టి చాలా బొమ్మలు పోయాయి. మిగిలిన వాటిలో ఒక రిఫ్రిజిరేటరుంది, తలుపు తెరుచుకునేలా అంచు కత్తిరించింది, లోపల పెన్సిలుతో చిన్నగా గుడ్లు, వెన్న గీసింది. వాళ్ళమ్మ ఆ ఇంటిని గురించి ఏమనేదని అడిగాను. ఆ ఇల్లాలు రోజూ వంటింట్లో ఏడ్చేదట, వీళ్ళమ్మ ఇస్త్రీ చేస్తూ విననట్టు ఉండేదట. ఎందుకు ఏడ్చేదో భాష రాక అడగలేకపోయిందట. ఇంతలో మూడేళ్ళు నిండి వాళ్ళు వెళ్ళిపోయారు, ఇంకో సార్జెంట్ వచ్చాడు.

ఆ ఇల్లాలి కారణం నాకూ తెలియదు, ఊహించను. ఆ రోజుల్లో అక్కడున్న ప్రతి కుటుంబానికీ ఉన్న ఒక కారణం మాత్రం తెలుసు. రష్యన్లు వస్తే పారిపోవడానికి సిద్ధంగా ఉండమని వాళ్ళకు ఆదేశం. దుప్పట్లు, డబ్బా ఆహారం, పిల్లల కాగితాలు, రోడ్డు పటం ఒకచోట సర్ది ఉంచాలి; కారు ట్యాంకులో పెట్రోలు సగానికి తగ్గకూడదు; ఏ దారిన ఏ సరిహద్దు వైపు పోవాలో ముందే నేర్చుకోవాలి. అప్పుడప్పుడూ అది రిహార్సల్ కూడా చేయించేవారు. నడిపేది భార్య, ఎందుకంటే ఆ గంటలో భర్త సరిహద్దు వైపుకు, అంటే వాళ్ళు పోయే దిక్కుకు ఎదురు దిక్కుకు, వెళ్ళిపోయి ఉంటాడు. అంత ప్రమాదం ఉందని తెలిసినప్పుడు వాళ్ళను అసలు అక్కడ ఎందుకు ఉంచినట్టు?

జవాబు బెర్లిన్‌లో దొరుకుతుంది. 1948 వసంతంలో సోవియట్లు తమ మండలం నడుమ ఉన్న బెర్లిన్‌కు దారులు బిగిస్తున్నప్పుడు, కుటుంబాలను వెంటనే తరలిద్దామా అన్న ప్రశ్న వాషింగ్టన్ నుంచి వచ్చింది. అమెరికన్ మండలానికి అధిపతిగా ఉన్న జనరల్ లూషియస్ క్లే ఒప్పుకోలేదు. అమెరికన్ భార్యాబిడ్డలు పెట్టెలు సర్దుకోవడం కనిపిస్తే బెర్లిన్ జనానికి గుండె జారిపోతుందని, ఐరోపా అంతా బెదిరిపోతుందని ఆయన లెక్క. లెక్క సరైనదే. జూన్ 24న దిగ్బంధనం మొదలై 1949 మే 12 దాకా సాగింది, విమానాల మీదే తిండీ బొగ్గూ చేరాయి, నగరం నిలబడింది. ఆ విజయ గాథలో పైలట్లకు స్మారక చిహ్నాలున్నాయి, ఉండాలి కూడా. చాలామంది పైలట్లు ఆ పనిలో చనిపోయారు. కానీ పిల్లల్ని రోజూ బడికి పంపుతూ, కిటికీ తెరలు ఉతుకుతూ, మేము పోవడం లేదు అని నగరానికంతకూ కనిపించేలా కాపురం చేయడం కూడా ఆ వ్యూహంలో భాగమే. వాళ్ళు అక్కడ ఉండడమే వాళ్ళ డ్యూటీ. ఆ డ్యూటీకి వాళ్ళను ఎవరూ అడిగి ఒప్పించలేదు.

నా వాదనను నాకంటే బాగా తేల్చింది ఒక కోర్టు కేసు. 1953లో ఇంగ్లండులోని అమెరికన్ వైమానిక స్థావరంలో క్లారిస్ కోవర్ట్ అనే ఆవిడ, సార్జెంటైన తన భర్తను చంపింది. జపాన్‌లో అంతకు ముందటేడు ఒక కల్నల్ గారి భార్య కూడా అదే పని చేసింది. ఆమె తండ్రి జనరల్ వాల్టర్ క్రూగర్, పసిఫిక్ యుద్ధంలో ఒక సైన్యాన్ని నడిపినవాడు. ఇద్దరినీ సైనిక కోర్టులే విచారించాయి, జూరీ లేకుండా, సైనికుల్ని విచారించినట్టే. 1956లో అమెరికా సుప్రీంకోర్టు అది సరే అంది. మరుసటి ఏడాది, తాను ఇచ్చిన తీర్పును తానే తిరగేసి, 1957 జూన్ 10న, ఆ భార్యలు సైన్యంలో భాగం కారు, వాళ్ళకు పౌరుల హక్కులన్నీ ఉన్నాయని తేల్చింది. ప్రధాన అభిప్రాయం జస్టిస్ హ్యూగో బ్లాక్ రాశాడు. 1960లో, నేనుండే చోటికి దగ్గరలోనే ఉన్న బౌమ్‌హోల్డర్ స్థావరానికి చెందిన మరో సైనికుడి భార్య కేసులో, మరణశిక్ష పడని నేరాలకు కూడా ఇదే వర్తిస్తుందని చెప్పింది.

ప్రభుత్వం ఆ కేసుల్లో వాదించిందేమిటో గమనించాలి. విదేశాల్లోని సైనిక స్థావరంలో భార్యాబిడ్డలు సైన్యంతో విడదీయరానంతగా కలిసిపోయి ఉంటారు కాబట్టి సైనిక చట్టమే వాళ్ళకూ వర్తించాలన్నది ఆ వాదన. శిక్ష వేయవలసినప్పుడు ఆమె సైన్యంలో భాగమే. జీతం, పింఛను, పతకం విషయం వచ్చినప్పుడు మాత్రం ఆమె డిపెండెంట్, ఒకరి మీద ఆధారపడినది. ఈ మాట మన సైన్యంలోనూ ఉంది. మా అమ్మ చేతి సంచిలో ఉండే కార్డు పేరు డిపెండెంట్ కార్డు. అమ్మ ఎవరి మీద ఆధారపడిందో, ఎవరు అమ్మ మీద ఆధారపడ్డారో నాన్ననే అడిగితే ఆయన నిజమే చెబుతాడు. తీర్పు మంచిదే అయినా దాని వెంట ఒక ఖాళీ కూడా ఏర్పడింది: విదేశంలో నేరం చేసిన కుటుంబ సభ్యుణ్ణి ఆ దేశం పట్టించుకోకపోతే ఏ అమెరికన్ కోర్టూ విచారించలేని పరిస్థితి చాలా సందర్భాల్లో వచ్చింది. దాన్ని పూడ్చే చట్టం రావడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమెను సైనికురాలిగా చూడకూడదని తేలాక, మరెలా చూడాలో ఎవరికీ తోచలేదు.

కుటుంబాలు పద్దులో అంకెలేనన్నదానికి అన్నిటికన్నా సూటి రుజువు 1960 నవంబరులో వచ్చింది. విదేశాల్లో అమెరికన్లు పెట్టే ఖర్చు వల్ల దేశంలోని బంగారం తరిగిపోతోందని, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ విదేశాల్లోని సైనిక కుటుంబ సభ్యుల సంఖ్యను 2 లక్షలకు తగ్గించమని ఆదేశించాడు. అప్పటికి వాళ్ళు 5 లక్షలకు చేరువలో ఉన్నారు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, ఓడ టిక్కెట్టు చేతిలో పెట్టుకున్నవాళ్ళు గాల్లో వేలాడారు. మూడు నెలల్లో కెన్నెడీ వచ్చి ఆ ఆదేశాన్ని రద్దు చేశాడు. భార్యలు లేని సైనికులు తిరిగి సంతకం పెట్టరని సైన్యమే మొరపెట్టుకుంది. వెళ్ళగొట్టినదీ లెక్కే, మళ్ళీ పిలిచినదీ లెక్కే.

ఇంత కఠినమైన లెక్కల మధ్య మనుషులు లెక్కకు అందని పనులు కూడా చేశారని చెప్పకపోతే నేను అన్యాయం చేసినదాన్నవుతాను. నల్లజాతి అమెరికన్ సైనికులకూ జర్మన్ స్త్రీలకూ పుట్టిన పిల్లలు కొన్ని వేలమంది ఉండేవారు. వాళ్ళలో చాలామంది అనాథాశ్రమాల్లో పెరుగుతుండేవారు. మన్‌హైమ్‌కు పోస్టింగ్ మీద వచ్చిన ఒక వారంట్ ఆఫీసర్ భార్య మేబెల్ గ్రామర్, స్వయంగా పాత్రికేయురాలు. సొంత పిల్లలు లేని ఆమె, భర్త ఆస్కర్‌తో కలిసి ఆ పిల్లల్లో పన్నెండుమందిని దత్తత తీసుకోవడమే కాక, అమెరికాలోని నల్లజాతి పత్రికలో రాసి రాసి, దాదాపు 500 మంది పిల్లలకు అమెరికాలో ఇళ్ళు చూపించింది. ఆమెను ఆ పనికి ఏ సైన్యమూ నియమించలేదు. నల్లజాతి కుటుంబాలకు ఆ పోస్టింగులు ఇంకో విషయం కూడా చూపించాయి: సొంత దేశపు దక్షిణ రాష్ట్రాల్లో వేర్వేరు బడుల్లో కూర్చున్న పిల్లలు, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 సుప్రీంకోర్టు తీర్పు కంటే ముందే, స్థావరపు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. గేటు దాటాక బార్లలో మాత్రం తెల్లవాళ్ళకొకటి, నల్లవాళ్ళకొకటి నడిచేవి. పాత శత్రువు నేల మీద దొరికిన ఆ కొంచెం గాలి, ఇంటికి తిరిగి వెళ్ళాక దొరకలేదని చెప్పుకున్నవాళ్ళు చాలామంది.

అవతలి పక్షం కూడా ఇదే పని చేసింది, ఇంకొంచెం మొరటుగా. బెర్లిన్‌కు దక్షిణాన వ్యూన్స్‌డోర్ఫ్‌లో సోవియట్ ప్రధాన స్థావరం ఉండేది. ఊళ్ళోని జర్మన్లను పంపేసి, గోడ కట్టి, బడులు, దుకాణాలు, నాటకశాలతో ఒక చిన్న మాస్కో పెట్టారు, మాస్కోకు నేరుగా రైలు కూడా నడిచింది. అమెరికన్ ఇల్లాలికి బయటి జర్మన్లతో స్నేహం చేయమని చెబితే, రష్యన్ ఇల్లాలికి గోడ దాటవద్దని చెప్పారు. 1994 ఆగస్టులో చివరి దళాలు వెళ్ళిపోయినప్పుడు, ఆ కుటుంబాలు తిరిగి వెళ్ళడానికి చాలామందికి ఇల్లంటూ లేదు. రష్యాలో వాళ్ళకు ఇళ్ళు కట్టడానికి జర్మనీయే వందల కోట్ల మార్కులు ఇచ్చింది. ఓడినవాడు తన ఖర్చుతో గెలిచినవాడి ఇల్లు నింపడంతో మొదలైన కథ, గెలిచినవాడికి ఇల్లు కట్టి పంపడంతో ముగిసింది.

మా పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచీ మగవాళ్ళు వెళ్ళడంతో మిలటరీ మాధవరం అని పేరు పడింది. అక్కడి ఆడవాళ్ళను సామ్రాజ్యం ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. వాళ్ళు మనియార్డర్ల కోసం, ఉత్తరాల కోసం చూస్తూ పొలాలు చేయించుకున్నారు. నల్లవాడి కాపురాన్ని పరాయి దేశంలో ప్రదర్శనకు పెట్టి సాధించే పని తెల్ల దొరకు ఏదీ లేదు మరి. వెంట తీసుకెళ్ళకపోవడమూ లెక్కే అని, ఆ ఊరి మీదుగా బస్సులో పోయినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

ఇక్కడ ప్రతి జూన్, జూలై నెలల్లో ఇళ్ళు ఖాళీ అవుతాయి. పోయినేడు ఒక పుస్తకాల బీరువా అమ్మకానికి ఉందని చూసి, ఫోగెల్‌వే దగ్గరలో ఒక అపార్టుమెంటుకు వెళ్ళాను. తలుపు తీసిన ఆవిడకు నా వయసే ఉంటుంది, చంకలో పిల్ల, వెనకాల పేర్చిన అట్టపెట్టెలు. నా పేరు అడగలేదు, ఏ దేశమనీ అడగలేదు. మీరెప్పుడు వెళ్తున్నారు అని అడిగింది. మా క్వార్టర్లలో కొత్తగా దిగినవాళ్ళను కూడా అమ్మలందరూ మొదట అడిగే మాట అదే: మీకు పోస్టింగ్ ఎప్పుడు? నేను సైన్యం మనిషిని కానని చెప్పాక ఆవిడ కొంచెం సిగ్గుపడి, ధరలో ఐదు యూరోలు తగ్గించింది.

బీరువా ఇంటికి తెచ్చి గోడకు ఆనించబోతే, వెనక చెక్క మీద సామాన్లు తరలించేవాళ్ళు అంటించిన నంబరు చీటీలు కనిపించాయి. పసుపుది ఒకటి, నారింజది ఒకటి, ఆకుపచ్చది ఒకటి, ఒకదాని మీద ఒకటి సగం సగం ఎక్కి. ఫోటో తీసి అమ్మకు పంపాను. ఆవిడ వెంటనే ఫోన్ చేసి, మూడేనా, అంది.